పగడం జిగురులో కనిపించే బ్యాక్టీరియా దాని సొంతవా, జబ్బువా? యాంటీబయాటిక్ వేయమంటున్నారు, వేయాలా?

ఉప్పుతొట్టి:

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఉప్పునీటి ట్యాంకు నడుపుతున్నాను, అందులో పగడాలు పెట్టి మాత్రం ఎనిమిది నెలలే అయింది. పోయిన వారం హీటర్ కట్ అవకుండా రాత్రంతా ఆన్‌లోనే ఉండిపోయింది. పొద్దున లేచి చూస్తే నీళ్లు 31 డిగ్రీలు. మామూలుగా 25, 26 దగ్గర ఉంచుతాను. చేపలకేం కాలేదు, మెత్తటి పగడాలు కూడా ఒక రోజు ముడుచుకుని మళ్లీ విచ్చుకున్నాయి. అక్రోపోరా అనే గట్టి కొమ్మల పగడం ఉంది, అదొక్కటే తేడా చేసింది. మొదటి రెండు రోజులు విపరీతంగా జిగురు వదిలింది, కొమ్మల మధ్య సాలెగూడు కట్టినట్టు నీళ్లలో వేలాడేది. ఐదో రోజుకి మొదలు దగ్గర తెల్లబడటం మొదలైంది. రంగు పోవడమైతే ఇంత భయపడేవాడిని కాదు, ఇక్కడ కండే ఊడి వచ్చేస్తోంది, కింద సున్నపు గూడు బోసిగా కనబడుతోంది. ఆ తెలుపుకీ ఇంకా గోధుమరంగులో ఉన్న భాగానికీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత. రోజుకి అర సెంటీమీటరు చొప్పున పైకి పాకుతోంది.

ఆ జిగురు కాస్త పిపెట్‌తో తీసి మా అమ్మాయి మైక్రోస్కోప్ కింద పెట్టాం. 400 రెట్లలో చూస్తే చుక్కలు, కామాలు, దారప్పోగులు, కొన్నైతే పిచ్చెక్కినట్టు గిరగిరా తిరుగుతున్నాయి. ఒళ్లు జలదరించింది. ఆ వీడియో ఒక గ్రూపులో పెడితే "ఇన్‌ఫెక్షన్, వెంటనే ట్యాంకులో యాంటీబయాటిక్ వెయ్" అని ముగ్గురు, "వద్దు, ఆ బ్యాక్టీరియా పగడానివే, చంపితే పగడమే పోతుంది" అని ఒకాయన. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అసలు పగడానికి సొంత బ్యాక్టీరియా అంటూ ఉంటాయా? ఉంటే ఏం చేస్తాయి? ఏది సొంతదో ఏది దొంగదో చూసి చెప్పే దారి ఉందా?

గాజుస్లైడు:

ముందు అర్జెంటు సంగతి. ట్యాంకు నీళ్లలో యాంటీబయాటిక్ పోయకండి. ఎందుకో పాత ట్యాంకుల వాళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను సముద్రపు బ్యాక్టీరియా మీద కొన్నేళ్లు ల్యాబులో పనిచేశాను కాబట్టి మీ మైక్రోస్కోప్ సంగతి చెబుతాను.

మీరు చూసినదాన్ని బట్టి జబ్బని చెప్పలేం. నిక్షేపంలా ఉన్న పగడం నుంచి జిగురు తీసి చూసినా అవే చుక్కలు, అవే కామాలు కనిపిస్తాయి. మామూలు సముద్రపు నీటిలోనే మిల్లీలీటరుకి దాదాపు 10 లక్షల బ్యాక్టీరియా ఉంటాయి, పగడం జిగురులో అంతకు వంద రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఆ జిగురు వాటికి తిండి. పగడం కండలో కాపురం ఉండే నాచు ఎండ పట్టుకుని ఆహారం తయారుచేస్తుంది కదా, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకు అక్కడి నుంచే వస్తుంది. అలా వచ్చినదాంట్లో సగం దాకా పగడం జిగురు రూపంలో బయటికి వదిలేస్తుంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల్లో, హెరాన్ దీవి దగ్గర మీ అక్రోపోరాలు ఎంత జిగురు వదులుతాయో కొలిచారు కూడా, 2004లో వచ్చింది ఆ లెక్క. సంపాదనలో సగం గుమ్మం బయట పోస్తుంటే జనం పోగవకుండా ఎలా ఉంటారు?

ఇక సొంతవా అంటే, పగడాన్ని ఒకే ఇల్లు అనుకోకండి, అందులో మూడు వాటాలున్నాయి. పైన జిగురు పొర బస్టాండు లాంటిది. పగడం ఆ పొరను మాటిమాటికీ వదిలించుకుని కొత్తది వేసుకుంటుంది, కాబట్టి అక్కడ వచ్చేపోయేవాళ్లే ఎక్కువ. దాని కింద కండ. ఇక్కడ ఉండేవాళ్లు తక్కువ రకాలు, కానీ పాతుకుపోయినవాళ్లు. ఎండోజోయికోమోనాస్ అని ఒక బ్యాక్టీరియా గుంపు ఉంది, చాలా జాతుల పగడాల్లో ఇదే పెద్ద వాటా. కోసి రంగు వేసి చూస్తే కండలో ముద్దలు ముద్దలుగా, చుట్టూ గీత గీసుకుని కూర్చున్నట్టు కనబడతాయి. అడుగున సున్నపు గూడు. అది ఉత్త రాయి అనుకుంటాం గానీ, ఆస్ట్రేలియా పగడాల్లో జిగురు, కండ, గూడు విడివిడిగా తీసి పోల్చినప్పుడు ఎక్కువ రకాల బ్యాక్టీరియా దొరికింది ఆ గూడులోనే. కొన్ని పగడాలను విరిస్తే కండకి కాస్త కింద గూడులో ఆకుపచ్చ చార ఉంటుంది, అది ఆస్ట్రియోబియం అనే నాచు, దాని పక్కన వెలుతురు తక్కువైనా ఆక్సిజన్ లేకపోయినా బతికే బ్యాక్టీరియా. మీ కొమ్మ విరిగితే ఒకసారి ఆ అంచు చూడండి.

ఈ మొత్తాన్ని, అంటే పగడం, నాచు, బ్యాక్టీరియా, వైరస్‌లు, ఫంగస్ అన్నీ కలిపి హోలోబయాంట్ అంటారు. పగడాల విషయంలో ఈ మాటను బాగా వాడుకలోకి తెచ్చింది ఫారెస్ట్ రోవర్ బృందం, 2002లో. మూడు జాతుల నుంచి తీసిన 14 ముక్కల్లో 430 రకాల బ్యాక్టీరియా కనిపించాయి వాళ్లకి, చాలావాటిని అంతకుముందు ఎవరూ చూసి ఉండలేదు. ఇంకో విశేషం, ఒకే జాతి పగడాలు వేర్వేరు చోట్ల ఉన్నా వాటి బ్యాక్టీరియా పోలుతున్నాయి, పక్కపక్కనే ఉన్న వేర్వేరు జాతులవి పోలడం లేదు. "సొంతవి" అనే మాటకి అంతకంటే మంచి ఆధారం అప్పట్లో లేదు.

ఏం చేస్తాయి అనేది పెద్ద కథ. కొన్ని యాంటీబయాటిక్ లాంటి పదార్థాలు తయారుచేసి కొత్తవాళ్లను రానివ్వవు. కొన్ని గంధకం ఉన్న పదార్థాలను విరగ్గొడతాయి. కొన్ని నీళ్లలో కరిగిన నైట్రోజన్ వాయువును పగడం, నాచు వాడుకునే రూపంలోకి మారుస్తాయి. ఈ చివరిది వినడానికి బాగుంటుంది గానీ రెండంచుల కత్తి. పగడం తన లోపలి నాచును నైట్రోజన్ కొరతలో ఉంచే అదుపు చేస్తుంది. నైట్రోజన్ ఎక్కువైతే నాచు చేసుకున్న ఆహారాన్ని తన సంతానానికే వాడుకుని పగడానికి పంచడం తగ్గిస్తుంది. అద్దె ఎగ్గొట్టే అద్దెదారన్నమాట. ఎండలు ముదిరినప్పుడు ఇదే పెద్ద గొడవకి దారితీస్తుంది.

పాతట్యాంకు:

యాంటీబయాటిక్ గురించి నా అనుభవం చెబుతాను, నవ్వకండి. ఇసుక మీద ఎర్రటి జిగురు పరచుకుంటోందని ఎవరో చెప్పిన మందు ట్యాంకు మొత్తానికి వేశాను. ఎర్రది పోయింది, మూడు రోజులు హీరోలా ఫీలయ్యాను. నాలుగో రోజు స్కిమ్మర్, అదే నీళ్లలోని మురికిని నురగగా తీసే యంత్రం, నురగ కక్కుతూ కప్పు పొంగి నేల మీదికి వచ్చింది. ఐదో రోజు చేపలు పైకి వచ్చి గుటకలు మింగుతున్నాయి. అమ్మోనియా టెస్ట్ చేస్తే ఎప్పుడూ పసుపు ఉండేది చక్కటి ఆకుపచ్చ వచ్చింది. రాళ్లలో ఉండి అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కూడా చచ్చాయన్నమాట, ఎర్రజిగురు కూడా బ్యాక్టీరియానే కదా, మందుకి మనవాడెవడు పరాయివాడెవడు అని తెలుస్తుందా? నాలుగు చేపలు, రెండేళ్ల మాంటిపోరా పగడం పోయాయి. నీళ్లు మారుస్తూ మారుస్తూ నెల పట్టింది మామూలు స్థితికి రావడానికి.

మీ కొమ్మకి నేనైతే చేసేది ఇది. గీత ఇంకా పాకుతోంది కాబట్టి మొదలుని వదులుకోండి. గీతకి కనీసం రెండు సెంటీమీటర్ల పైన, రంగు, పాలిప్స్ (పగడం మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న నోళ్లు) బాగున్న చోట కట్టర్‌తో ఒక్క దెబ్బకి కోయండి. సాధ్యమైతే రెండు మూడు ముక్కలు చేయండి, అన్నీ ఒకే బుట్టలో పెట్టొద్దు. వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లతో బాగా కడిగి, కొత్త ప్లగ్‌కి (పగడం ముక్క నిలబెట్టే చిన్న దిమ్మకి) అతికించి, ప్రవాహం బాగా తగిలే చోట పెట్టండి. కడిగిన నీళ్లు ట్యాంకులో పోయొద్దు. అయోడిన్ డిప్, అంటే అయోడిన్ కలిపిన నీళ్లలో కాసేపు ముంచడం, చేసేవాళ్లున్నారు, నేనూ చేస్తాను, సీసా మీద రాసిన దానికంటే ఒక్క చుక్క ఎక్కువ వేయకుండా. వేడి వల్ల మొదలైంది కాబట్టి టెంపరేచర్ ఒక్కసారిగా దించకండి, ఇప్పుడున్న చోటే నిలకడగా ఉంచండి.

అనుమానపక్షి:

పైన చెప్పినవి బాగున్నాయి గానీ "మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా" అనే కథ వినగానే నాకు కాస్త అనుమానం వస్తుంది. డీఎన్ఏ చదివి చెప్పే ఈ లిస్టుల్లో సగం తంటా ఏమిటంటే, ఎవరు ఉన్నారో తెలుస్తుంది గానీ ఏం చేస్తున్నారో తెలియదు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా లెక్కలోకి వస్తుంది. పైగా అంతా శాతాల్లో చెబుతారు. ఒకటి 80 నుంచి 20 శాతానికి పడిందంటే అది తగ్గిందో, పక్కవి పెరిగాయో ఆ అంకె చెప్పదు.

ఎండోజోయికోమోనాస్ సంగతే తీసుకోండి. పగడం నలతగా ఉన్నప్పుడు అవి తగ్గుతాయని చాలా చోట్ల చూశారు, అందుకే దానికి మంచి పేరు. కానీ పోసిల్లోపోరా అనే పగడం మీద ఒక ప్రయోగంలో నీళ్లలో చక్కెరలు పెంచితే పగడం తెల్లబడింది, అయినా ఎండోజోయికోమోనాస్ మాత్రం ఏమీ పట్టనట్టు అదే స్థాయిలో కూర్చుంది. ఇల్లు కాలుతుంటే కదలని కాపలావాడు ఏం కాపలావాడు? ఇంకా చెప్పాలంటే అదే గుంపులోని ఒక జాతి చేపపిల్లల మొప్పలకి, చర్మానికి పట్టి చంపుతుంది. పేరు చూసి గుణం చెప్పలేం.

ఉప్పుతొట్టి గారు, మీ ప్రశ్నలో అసలు ముడి ఇది: బ్యాక్టీరియా వల్ల పగడం చచ్చిపోతోందా, పగడం చచ్చిపోతోంది కాబట్టి బ్యాక్టీరియా చేరాయా? దీని మీద పెద్దవాళ్లే తిట్టుకున్నారు. మధ్యధరా సముద్రంలో ఓకులినా పటగోనికా అని ఒక పగడం ఉంది. అది వేసవిలో తెల్లబడుతుంటే ఇజ్రాయెల్‌లో యూజీన్ రోజెన్‌బర్గ్ వాళ్లు దానికి విబ్రియో షిలోయి అనే బ్యాక్టీరియా కారణమని 1996లో చెప్పారు. ఆషామాషీగా చెప్పలేదు, పగడం నుంచి తీసి పెంచి, ఆరోగ్యమైనదానికి అంటించి, అది తెల్లబడ్డాక మళ్లీ తీసి చూపించారు. నీళ్లు వెచ్చగా ఉంటే అంటుకుంటుంది, చల్లగా ఉంటే అంటుకోదు. మరి చలికాలంలో ఎక్కడ దాక్కుంటుంది అంటే పగడాన్ని కొరుక్కు తినే ఒక ముళ్ల పురుగు లోపల అని అది కూడా పట్టుకున్నారు. సినిమా కథ కంటే బాగుంటుంది.

ట్విస్టు తర్వాత వచ్చింది. కొన్నేళ్లకి, 2003 ప్రాంతంలో, అదే బ్యాక్టీరియాను అదే పగడానికి ఎంత అంటించినా జబ్బు రావడం మానేసింది. పగడానికి మనలాగా యాంటీబాడీలు తయారుచేసే వ్యవస్థ లేదు, మరి ఎలా తట్టుకుంది? దాని మీది బ్యాక్టీరియా సమూహమే మారిపోయి కాపాడుతోందేమో అని 2006లో వాళ్లే ఒక ఊహ ముందుకు తెచ్చారు, ప్రోబయోటిక్ సిద్ధాంతం అంటే అదే. ఇంకా కొసమెరుపు, 2008లో వేరే బృందం సముద్రంలో సహజంగా తెల్లబడుతున్న అవే పగడాలను కోసి చూస్తే కండలో ఆ విబ్రియో కనబడలేదు, తెల్లబడటానికి బ్యాక్టీరియా అసలు కారణం కాదు, వేడి, ఎండే కారణం అన్నారు. నా మటుకు నాకు ల్యాబులో జరిగింది నిజమే, సముద్రంలో జరిగేది వేరు అనిపిస్తుంది. అంత శ్రద్ధగా చేసిన పనికే ఈ గతి పట్టినప్పుడు 400 రెట్ల మైక్రోస్కోప్‌తో మనం తీర్పు చెప్పడం సాహసమే.

ఉప్పుతొట్టి:

అందరికీ థాంక్స్. పాతట్యాంకు గారు చెప్పినట్టే రాత్రి కోశాను, మూడు ముక్కలు వచ్చాయి. గాజుస్లైడు గారూ, విరిగిన అంచులో నిజంగానే సన్నటి ఆకుపచ్చ చార ఉంది! ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్న దాని లోపల ఇంకో తోట ఉందని తెలియదు. అనుమానపక్షి గారి మాట విన్నాక ఇంకో డౌట్. వేడి ఒక్క రాత్రే కదా ఉంది. కండ ఊడటం ఐదో రోజున మొదలైంది. వేడి తగ్గాక మరి ఎవరు చంపుతున్నట్టు?

గాజుస్లైడు:

మంచి ప్రశ్న. అనుమానపక్షి గారితో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్క చోట తప్ప. వేడితో తెల్లబడటం వేరు, కండ ఊడిపోవడం వేరు. మొదటిదానికి బ్యాక్టీరియా అక్కర్లేదు. రెండోదాంట్లో చాలాసార్లు వాటి చేయి ఉంటుంది, అయితే తలుపు తీసేది మాత్రం వేడే.

ఎలాగో చెబుతాను. విబ్రియో కోరల్లీలిటికస్ అనేది ఒకటుంది, పేరులోనే పగడాన్ని కరిగించేది అని ఉంది. పోసిల్లోపోరా మీద దీన్ని బాగా పరీక్షించారు. 22 డిగ్రీల దగ్గర పెద్దగా ఏమీ చేయదు. 27 దాటితే కండను కరిగించే ఎంజైములు వదలడం మొదలుపెడుతుంది. అదే బ్యాక్టీరియా, నీళ్లు వెచ్చబడ్డాక వేరే అవతారం. ఇది పగడాన్ని ఎలా వెతుక్కుంటుందంటే వాసనతో. పగడమూ దాని నాచూ డీఎంఎస్‌పీ అనే గంధకపు పదార్థం తయారుచేస్తాయి, అది జిగురులోకి వస్తుంది. 2014లో చూసింది ఏమిటంటే వేడికి నలిగిన పగడం జిగురులో ఈ డీఎంఎస్‌పీ ఐదు రెట్ల వరకు పెరుగుతుంది, విబ్రియో ఆ వాసన పట్టి ఇంకా వేగంగా వచ్చి వాలుతుంది. దెబ్బ తిన్నవాడి దగ్గర దీపం పెట్టి పిలిచినట్టు.

మామూలు రోజుల్లో ఇది జరగకుండా అడ్డేవి జిగురులోని మిగతా బ్యాక్టీరియా. కిమ్ రిచీ అనే ఆవిడ ఫ్లోరిడా కీస్‌లో ఎల్క్‌హార్న్ పగడం, అది కూడా అక్రోపోరానే, దాని జిగురు తీసి ఇతర బ్యాక్టీరియా మీద వేసి చూసింది. ఆరోగ్యమైన పగడం జిగురు చాలా రకాల పెరుగుదలను ఆపింది. అదే 2005 వేసవిలో నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబడ్డప్పుడు తీసిన జిగురులో ఆ శక్తి పోయింది, కాపలా కాసేవాటి స్థానంలో విబ్రియోలే నిండిపోయి ఉన్నాయి. మీకు జరిగింది ఇదేనని నేను ప్రమాణం చేయలేను. కానీ ఒక్క రాత్రి వేడి, రెండు రోజులు విపరీతమైన జిగురు, ఐదో రోజు కండ ఊడటం, ఈ వరస దానికి సరిపోతుంది. వేడి తగ్గినంత మాత్రాన చేరినవాళ్లు లేచి వెళ్లిపోరు కదా.

నీలిలోతు:

డైవింగ్ చేస్తాను, ట్యాంకుల గురించి తెలియదు. కానీ ఆ "గీత పాకడం" అనే మాట చదివి ఆగాను, కరీబియన్‌లో బ్లాక్ బ్యాండ్ అనే జబ్బు దగ్గరగా చూశాను కాబట్టి. గుండ్రటి బ్రెయిన్ కోరల్ మీద వేలు వెడల్పున నల్లటి పట్టీ. పట్టీకి ఇటువైపు పసుపు గోధుమ రంగులో బతికున్న పగడం, అటువైపు తెల్లటి గూడు, ఇంకా వెనక పాత భాగం నాచు పట్టి పచ్చగా. మూడు కాలాలు ఒకే బండ మీద పక్కపక్కన. దగ్గరికి వెళ్లి చేత్తో నీళ్లు కదిపితే ఆ నల్లది తడిసిన కంబళి అంచులా రెపరెపలాడింది.

తర్వాత చదివాను, అది ఒక్క బ్యాక్టీరియా పని కాదట. నల్ల రంగు సయనోబ్యాక్టీరియా పోగులది. వాటి కింద ఆక్సిజన్ అందని చోట సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా, పైన ఆ సల్ఫైడ్‌ను తినే ఇంకో రకం. పట్టీ అడుగున ఆక్సిజన్ లేక, సల్ఫైడ్ విషం పేరుకుని పగడం కండ చస్తుంది, చచ్చిన కండ వాటికి తిండి, పట్టీ ముందుకి జరుగుతుంది, కొన్నిసార్లు రోజుకి సెంటీమీటరు దాకా. విడివిడిగా చూస్తే ఏదీ హంతకి కాదు, ముఠా కట్టినప్పుడే చంపుతాయి. 1970ల మొదట్లోనే దీన్ని గుర్తించారు, ఇప్పటికీ ఉంది.

ఇంకోటి, మనుషులు సిగ్గుపడాల్సింది. గాజుస్లైడు గారు చెప్పిన ఎల్క్‌హార్న్ పగడానికే వైట్ పాక్స్ అని తెల్ల మచ్చల జబ్బు వస్తుంది, దాన్ని తెచ్చే వాటిలో ఒకటి సెరాషియా మార్సెసెన్స్. అది మన పేగుల్లో కూడా ఉండే బ్యాక్టీరియా. మురుగునీటిలోంచి తీసిన రకాన్నే పగడానికి అంటించి జబ్బు వచ్చిందని 2011లో రుజువు చేశారు. జంతువుల నుంచి మనకి జబ్బులు వస్తాయని గోల పెడతాం, ఇక్కడ మనమే సముద్రానికి ఇచ్చాం.

కొత్తఅల:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. కోరల్ ప్రోబయోటిక్ అని సీసాల్లో అమ్ముతున్నారు కదా, ఉప్పుతొట్టి గారు అది వేస్తే సరిపోదా? మంచి బ్యాక్టీరియా పోయాయి కాబట్టి మంచివి పోస్తే అయిపోతుంది కదా?

అనుమానపక్షి:

సీసాలో ఏముందో రాసి ఉంటే చదివి చెప్పండి, నాకూ తెలుసుకోవాలని ఉంది. 😀 చాలావాటిలో ఉండేవి నీళ్లలో వ్యర్థాలను తినే రకాలు. అవి ట్యాంకుకి పనికి రావొచ్చు, పగడం కండలో కాపురం పెట్టేవి మాత్రం వేరు.

గాజుస్లైడు:

అనుమానపక్షి గారు సీసా సంగతి సరిగ్గా చెప్పారు, కానీ ఆలోచన మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. రాకెల్ పేషోటో బృందం బ్రెజిల్‌లో ముస్సిస్మిలియా అనే పగడం మీద చేసిన పని 2021లో వచ్చింది. అదే పగడం నుంచి తీసిన బ్యాక్టీరియాలో పనికొచ్చే గుణాలున్నవాటిని ఏరి, పెంచి, దానికే తిరిగి ఇచ్చారు. వేడి పరీక్ష తర్వాత బతికి బట్టకట్టినవి 40 శాతం పెరిగాయి. చూడండి, ఇక్కడ కిటుకు "దానివే దానికి" అనే చోట ఉంది. ఇప్పుడు ఎర్ర సముద్రంలో నిజం రీఫ్ మీదే ఇలాంటి ప్రయోగాలు నడుస్తున్నాయి.

ఫ్లోరిడాలో ఇంకో దారి. 2014లో మయామీ దగ్గర మొదలైన కండ ఊడే జబ్బు 20కి పైగా జాతులను పట్టి కరీబియన్ అంతా పాకింది, దానికి కారకుడు ఎవరో ఇప్పటిదాకా తేలలేదు. దానికి అక్కడ వాడే మందు అమాక్సిసిలిన్, అవును, మనం మింగేదే. కాకపోతే నీళ్లలో పోయరు, చిక్కటి పేస్టులో కలిపి డైవర్లు ఆ గీత వెంబడి వేలితో పూస్తారు. పూసిన గీత చాలావరకు ఆగుతుంది, కానీ అదే పగడం మీద ఇంకోచోట కొత్త గీత పుట్టకుండా ఆపదు, పైగా సముద్రంలో మందుకి లొంగని బ్యాక్టీరియా పుడతాయన్న భయం ఎటూ ఉంది. అందుకే జబ్బుని తట్టుకున్న ఒక పగడం మీద దొరికిన సూడోఆల్టెరోమోనాస్ అనే బ్యాక్టీరియాను వాడి చూశారు. ల్యాబులో చాలా ముక్కల మీద జబ్బు ఆగడమో నెమ్మదించడమో జరిగింది. సముద్రంలో అయితే పగడం మొత్తానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, బ్యాక్టీరియా కలిపిన నీళ్లు లోపలికి ఎక్కించి కొన్ని గంటలు ఉంచారు. పేస్టులా పూయడం కంటే సంచే బాగా పనిచేసింది. ఒక్కో పగడానికి ఒక్కో డైవర్, ఒక్కో సంచి. రీఫ్ పొడవు తలుచుకుంటే నీరసం వస్తుంది, కానీ వందల ఏళ్ల వయసున్న ముసలి పగడాన్ని కాపాడాలంటే ఆ మాత్రం కష్టం పడొచ్చు.

ఇదే సూడోఆల్టెరోమోనాస్ బంధువులు ఇంకో పని కూడా చేస్తాయి, చెప్పకుండా ఉండలేను. పగడం పిల్ల ఈదుతూ వచ్చి ఎక్కడ అతుక్కోవాలో తేల్చుకునేటప్పుడు రాతి మీది బ్యాక్టీరియా పొరలో ఇవి వదిలే ఒక బ్రోమిన్ పదార్థం తగిలితే, ఇదే చోటు అని అక్కడ స్థిరపడిపోతుంది. అంటే కొన్ని పగడాలు స్థిరపడే ఇల్లు ఎంచుకునేది కూడా బ్యాక్టీరియా సిఫారసుతోనే.

పాతట్యాంకు:

సంచి తొడగడం అంటే మనం ట్యాంకులో డిప్ చేయడం లాంటిదేగా, పెద్ద సైజులో. మనం చిన్నప్పటి నుంచీ సైంటిస్టులమే. 😀

కొత్తఅల గారు, ఇంకో మాట. ట్యాంకులో పెరిగిన పగడం మీది బ్యాక్టీరియా సముద్రంలోని దాని అక్కచెల్లెళ్ల మీద ఉన్నట్టు ఉండవు, తేడా వస్తుందని కొలిచినవాళ్లే చెప్పారు. కాబట్టి రీఫ్ మీద పనిచేసిందని మన తొట్టిలో పనిచేస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. నేను గమనించినంతవరకు బాగా నడిచే పాత ట్యాంకు నుంచి ఒక రాయి తెచ్చి పెట్టుకోవడం సీసాల కంటే మేలు, కాకపోతే రాయితో పాటు వచ్చే పురుగుల బాధ్యత నాది కాదు.

ఉప్పుతొట్టి:

పన్నెండు రోజుల తర్వాత అప్‌డేట్. మూడు ముక్కల్లో ఒకటి మర్నాడే మొత్తం ఊడిపోయింది, గీతకి మరీ దగ్గరగా కోశాననుకుంటా. రెండోదానికి కోసిన అంచు దగ్గర రెండు మిల్లీమీటర్లు తెల్లబడి అక్కడే ఆగింది, ఇప్పుడు ఆ తెలుపు మీదికి కండ మళ్లీ పాకుతోంది, పల్చటి గాజు పొరలా. మూడోది బాగుంది, లైట్లు ఆరిపోయాక పాలిప్స్ బయటికి వస్తున్నాయి. పాత మొదలు తీయకుండా వదిలేశాను, మూడు రోజుల్లోనే దాని మీద పచ్చగా నాచు పట్టింది.

యాంటీబయాటిక్ వేయలేదు. హీటర్‌కి విడిగా కంట్రోలర్ పెట్టాను, 27 దాటితే కరెంటు కట్ అవుతుంది, ఫోన్‌కి మోత కూడా వస్తుంది. మా అమ్మాయి బాగున్న ముక్క జిగురు, పాత మొదలు మీది జిగురు రెండూ పక్కపక్కన స్లైడ్ల మీద పెట్టి చూసింది. రెండింట్లోనూ చుక్కలు, కామాలు ఉన్నాయట. పాతదాంట్లో గిరగిరా తిరిగేవి చాలా ఎక్కువ అంటోంది. ఎన్ని అంటే లెక్కపెట్టడానికి ఒక్కటీ ఆగి చావట్లేదు నాన్నా అంది.

గాజుస్లైడు:

కంట్రోల్, అంటే పోల్చుకోవడానికి బాగున్నదాన్ని కూడా పక్కన పెట్టి చూసిందన్నమాట, శభాష్ అని చెప్పండి. లెక్కపెట్టాలంటే రెండు జిగుర్లలోనూ ఒక్కో చుక్క అయోడిన్ కలిపి పది నిమిషాలు ఆగి చూడమనండి, కదలడం ఆగిపోతుంది. రెండు స్లైడ్లలోనూ ఒకే సైజు గడి తీసుకుని, ఐదు చోట్ల లెక్కపెట్టి సగటు తీయమనండి. అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి.